గెలాక్సీ ఎంత బరువైతే నక్షత్రాలు అంత జోరుగా పుడతాయా?

క్లుప్తంగా: నక్షత్రాలు ఇంకా పుడుతున్న గెలాక్సీల్లో ఒక క్రమం కనిపిస్తుంది. ఇప్పటికే ఉన్న నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశి ఎక్కువగా ఉన్న గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుట్టే వేగమూ ఎక్కువే. ఈ క్రమం 1000 కోట్ల సంవత్సరాలకు పైగా చెదరలేదు. మారింది వేగం మాత్రమే. దీని వెనక ప్రధానంగా ఉన్నది వాయువు సరఫరా. అయితే బరువు, వేగం అనే ఈ రెండు లెక్కలూ కాంతి నుంచి రాబట్టిన అంచనాలే. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ వార్తలు పుట్టించిన అయోమయంలో చాలా భాగం ఈ అంచనాల దగ్గరే మొదలవుతుంది.

మన పాలపుంతలో ఒక ఏడాదిలో పుట్టే నక్షత్రాలన్నిటినీ కలిపి తూచగలిగితే ఒకటి, రెండు సూర్యుళ్ల బరువు ఉంటుంది. పాలపుంతలో ఇప్పటికే ఉన్న నక్షత్రాల ద్రవ్యరాశి మాత్రం సుమారు 5 వేల కోట్ల సూర్యుళ్లంత. అంత పెద్ద సంసారానికి ఏటా చేరే కొత్త సభ్యులు చాలా తక్కువన్నమాట. ఇప్పుడు వెయ్యి కోట్ల సంవత్సరాల వెనక్కి వెళ్లి, అచ్చం ఇంతే ద్రవ్యరాశి ఉండి నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీని చూస్తే, అక్కడ ఏటా 50 నుంచి 100 సూర్యుళ్లంత ద్రవ్యరాశి కొత్త నక్షత్రాలుగా మారుతూ ఉంటుంది. బరువు ఒకటే, వేగంలో మాత్రం కొన్ని పదుల రెట్లు తేడా.

ఈ తేడా ఎందుకు వచ్చింది, అదే కాలానికి చెందిన గెలాక్సీలను పక్కపక్కన పెడితే బరువుకీ వేగానికీ మధ్య అంత పొందిక ఎలా కనిపిస్తోంది అన్నవి గెలాక్సీల చరిత్రలో కీలకమైన ప్రశ్నలు. 2022లో జేమ్స్ వెబ్ పనిలోకి దిగిన నాటి నుంచి 'ఉండకూడనంత పెద్ద గెలాక్సీలు', 'విశ్వం తొలినాళ్లలోనే నక్షత్రాల పుట్టుక ఆగిపోయిన గెలాక్సీలు' అనే వార్తలు వస్తూనే ఉన్నాయి. ఆ వార్తల్లోని ప్రతి అంకె వెనకా ఈ సంబంధమే ఉంటుంది.

## పుట్టుక వేగాన్ని ఎలా లెక్కగడతారు

కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీలో నక్షత్రాలను విడివిడిగా చూడటం, లెక్కపెట్టడం కుదరదు. అక్కడి నుంచి వచ్చేది మసకగా కలిసిపోయిన కాంతి ఒక్కటే. ఖగోళ శాస్త్రవేత్తలు ఆ కాంతిలో భారీ నక్షత్రాల జాడ కోసం వెతుకుతారు. సూర్యుడికి 20 రెట్లు బరువున్న నక్షత్రం తన ఇంధనాన్ని కోటి సంవత్సరాల లోపే ఖర్చుచేసి పేలిపోతుంది. సూర్యుడి ఆయుష్షు వెయ్యి కోట్ల సంవత్సరాలు. కాబట్టి ఎక్కడైనా భారీ నక్షత్రాల కాంతి కనిపిస్తోందంటే, అక్కడ నక్షత్రాల పుట్టుక ఈమధ్యే జరిగిందని లేదా ఇంకా జరుగుతోందని అర్థం.

ఆ జాడ మూడు రూపాల్లో దొరుకుతుంది. భారీ నక్షత్రాలు చాలా వేడివి, అందువల్ల అతినీలలోహిత కాంతిని దండిగా వెదజల్లుతాయి. ఇది మొదటిది. ఆ కాంతి చుట్టూ ఉన్న హైడ్రోజన్ వాయువును అయనీకరిస్తే (ఎలక్ట్రాన్లను ఊడగొడితే), వాయువు 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా మెరుస్తుంది. దీన్ని హైడ్రోజన్ ఆల్ఫా గీత అంటారు. మూడోది కాస్త చుట్టుదారి. నక్షత్రాలు పుట్టే చోట ధూళి ఎక్కువ. అది అతినీలలోహిత కాంతిని మింగేసి, వేడెక్కి, పరారుణ కాంతిగా బయటకు పంపుతుంది.

ఈ మూడూ ఒకే సంగతి చెప్పవు. హైడ్రోజన్ గీత చూపించేది గత కోటి సంవత్సరాల లోపు పరిస్థితి. అతినీలలోహిత కాంతి దాదాపు గత 10 కోట్ల సంవత్సరాల సగటును చెబుతుంది. గెలాక్సీలో నక్షత్రాల పుట్టుక నిలకడగా సాగితే రెండు అంచనాలూ కలుస్తాయి. ఎగసి, పడి, మళ్లీ ఎగసే గెలాక్సీ అయితే కలవవు. ఈ తేడా లోపంలా అనిపించినా చాలా పనికొస్తుంది. రెండు కొలతలూ ఎంత దూరంగా ఉన్నాయో చూస్తే ఆ గెలాక్సీ ఎంత ఒడిదుడుకులతో నక్షత్రాలను తయారుచేస్తోందో తెలుస్తుంది.

ధూళి విషయంలో జాగ్రత్త లేకపోతే లెక్క పూర్తిగా తప్పుతుంది. వెయ్యి కోట్ల సంవత్సరాల నాటి భారీ గెలాక్సీల్లో భారీ నక్షత్రాల కాంతిలో ఎక్కువ భాగాన్ని ధూళి దాచేస్తుంది. అతినీలలోహిత కాంతిని మాత్రమే నమ్ముకుంటే, అత్యంత జోరుగా నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీయే నీరసంగా కనిపించే ప్రమాదముంది. ఆ చిక్కును విడదీయడానికే 2003లో స్పిట్జర్, 2009లో హెర్షెల్ అనే పరారుణ అంతరిక్ష టెలిస్కోపులు వెళ్లాయి. చిలీలోని అటకామా ఎడారిలో 66 యాంటెన్నాలతో పనిచేసే ఆల్మా రేడియో టెలిస్కోపు ఇప్పటికీ ఆ పని చేస్తోంది.

## ఉన్న నక్షత్రాలను ఎలా తూస్తారు

భారీ నక్షత్రాలు మెరుస్తాయి కానీ బరువులో వాటి వాటా తక్కువ. గెలాక్సీలోని నక్షత్ర ద్రవ్యరాశిలో ఎక్కువ భాగం చిన్న, మసక నక్షత్రాలది. కాబట్టి బరువు తెలియాలంటే ఆ చిన్నవాటి కాంతి ఎక్కువగా ఉండే సమీప పరారుణ భాగాన్ని చూడాలి. దూరపు గెలాక్సీతో ఇంకో చిక్కుంది. విశ్వం వ్యాకోచించడం వల్ల కాంతి తరంగాలు సాగుతాయి. ఎంత సాగాయో చెప్పే కొలతే రెడ్‌షిఫ్ట్. రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర, అంటే సుమారు వెయ్యి కోట్ల సంవత్సరాల క్రితం బయల్దేరిన కాంతి తరంగదైర్ఘ్యం మూడు రెట్లవుతుంది. అక్కడి 656 నానోమీటర్ల ఎర్ర గీత ఇక్కడికి వచ్చేసరికి 2 మైక్రోమీటర్ల దగ్గర పరారుణంలో కనిపిస్తుంది. అక్కడి పరారుణం ఇంకా దూరం జరిగిపోతుంది. హబుల్ టెలిస్కోపుకు ఆ భాగం కనపడదు, వెబ్‌కు కనపడుతుంది. దూరపు గెలాక్సీల బరువు లెక్కల్లో వెబ్ తెచ్చిన మార్పుకు ఇదే అసలు కారణం.

అప్పుడు కూడా పని తేలిగ్గా అయిపోదు. వేర్వేరు రంగుల్లో కొలిచిన వెలుగును కంప్యూటర్‌లో తయారుచేసిన వేలాది నమూనా గెలాక్సీలతో పోల్చి, ఏది బాగా సరిపోతుందో చూస్తారు. ముసలి నక్షత్రాలూ ఎర్రగానే ఉంటాయి, ధూళి చాటున ఉన్న కుర్ర నక్షత్రాలూ ఎర్రగానే కనిపిస్తాయి. లోహాలు (ఖగోళ శాస్త్రంలో హీలియం కన్నా బరువైన మూలకాలన్నీ) ఎక్కువైనా రంగు ఎరుపు వైపు జరుగుతుంది. ఈ మూడింటిలో కారణం ఏదో ప్రతిసారీ తేల్చడం కష్టం. దీనికితోడు, ఈమధ్యే పుట్టిన భారీ నక్షత్రాల వెలుగు పాత నక్షత్రాల మసక వెలుగును పూర్తిగా కప్పేయగలదు. వాటి లెక్క వదిలేస్తే బరువు తక్కువగా వస్తుంది. సాధారణంగా నక్షత్ర ద్రవ్యరాశి అంచనా అటూ ఇటూ రెండు రెట్ల వరకు మారొచ్చని అనుకుని చదవడం మంచిది.

రెండు లెక్కలకూ పునాదిలో ఒక ఊహ ఉంది. ఒక విడతలో ఎన్ని పెద్ద నక్షత్రాలు పుడితే ఎన్ని చిన్నవి పుడతాయన్న నిష్పత్తి అది. 1955లో ఎడ్విన్ సాల్పీటర్ దీన్ని సూర్యుడి పరిసరాల్లోని నక్షత్రాల కోసం కట్టారు. తర్వాత సవరణలు వచ్చాయి. సాల్పీటర్ లెక్క వాడితే, ఇప్పుడు ఎక్కువమంది వాడే లెక్కలతో పోలిస్తే బరువూ వేగమూ రెండూ ఒకటిన్నర రెట్లకు పైగా ఎక్కువ వస్తాయి. రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి వాటి మధ్య సంబంధం పెద్దగా చెదరదు. కానీ ఒక పరిశోధనలోని అంకెను మరో పరిశోధనలోని అంకెతో నేరుగా పోల్చేవారు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

## గ్రాఫ్‌లో తేలిన గీత

ఒక అక్షం మీద నక్షత్ర ద్రవ్యరాశి, ఇంకో అక్షం మీద ఏటా పుట్టే నక్షత్రాల ద్రవ్యరాశి పెట్టి, ఒకే కాలానికి చెందిన గెలాక్సీలను చుక్కలుగా గుర్తిస్తే, అవి చెల్లాచెదురుగా పడాలని అనుకోవచ్చు. గెలాక్సీల ఆకారాలు వేరు, చుట్టుపక్కల పరిస్థితులు వేరు, చరిత్రలు వేరు. అయినా నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీల్లో అత్యధికం ఒక ఏటవాలు గీత వెంట సర్దుకుంటాయి. గీత నుంచి అవి పైకీ కిందికీ తప్పుకునే చెదురు సుమారు రెండు రెట్లే.

దగ్గరి విశ్వంలో ఈ క్రమాన్ని 2004లో స్లోన్ డిజిటల్ స్కై సర్వే సమాచారంతో, లక్షకు పైగా గెలాక్సీలను పరిశీలించి చూపారు. దూరపు విశ్వంలో దాన్ని స్థిరపరిచింది 2007లో వెలువడిన పరిశోధనలు. కై నోస్కే, డేవిడ్ ఎల్బాజ్, ఇమాన్యుయెల్ దాద్ది ముగ్గురూ వేర్వేరు పరిశోధనల్లో, వేర్వేరు దూరాల్లోని గెలాక్సీలతో పనిచేసి ఒకే తరహా గీతను చూశారు. దీనికి 'మెయిన్ సీక్వెన్స్' (ప్రధాన శ్రేణి) అనే పేరు స్థిరపడింది.

ఈ పేరు చాలామందిని తికమకపెడుతుంది. నక్షత్రాల శాస్త్రంలో 'ప్రధాన శ్రేణి' అంటే హైడ్రోజన్‌ను మండిస్తూ స్థిరంగా ఉన్న నక్షత్రాల వరుస. అక్కడ నక్షత్రం తన జీవితంలో ఎక్కువ భాగం దాదాపు ఒకే చోట ఉంటుంది. గెలాక్సీల ప్రధాన శ్రేణికీ దీనికీ పేరు తప్ప పోలిక లేదు. గెలాక్సీ ఆ గీత మీద నిలిచి ఉండదు. కొత్త నక్షత్రాలు చేరుతున్నకొద్దీ బరువు పెరిగి గీత వెంట కుడివైపు జరుగుతూ ఉంటుంది. ఈలోగా గీత కూడా కిందికి దిగుతూ ఉంటుంది.

రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర గీతను ఉదాహరణగా తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. 100 కోట్ల సూర్యుళ్ల బరువున్న గెలాక్సీలో ఏటా సుమారు 4 సూర్యుళ్లంత, 1000 కోట్ల సూర్యుళ్ల బరువున్న దాంట్లో సుమారు 20 నుంచి 25 సూర్యుళ్లంత నక్షత్రాలు పుడతాయి. బరువు పది రెట్లయితే వేగం అయిదారు రెట్లే అయింది. అంటే పెద్ద గెలాక్సీ మొత్తంగా ఎక్కువ నక్షత్రాలను తయారుచేస్తున్నా, తన బరువుతో పోలిస్తే చిన్నదే చురుకుగా పెరుగుతోంది. చిన్నది అదే వేగంతో సాగితే 25 కోట్ల సంవత్సరాల్లో రెట్టింపవుతుంది, పెద్దదానికి 40 కోట్ల సంవత్సరాలు పట్టొచ్చు. పేలిన నక్షత్రాల నుంచి తిరిగి వాయువులో కలిసే ద్రవ్యాన్ని తీసేస్తే ఈ కాలాలు ఇంకొంచెం పెరుగుతాయి. పాలపుంతకైతే ఇప్పటి వేగంతో రెట్టింపవడానికి విశ్వం వయసైన 1380 కోట్ల సంవత్సరాలు కూడా చాలవు.

## క్రమం ఎక్కడి నుంచి వచ్చింది

గెలాక్సీలు ఎలా పెరుగుతాయన్న దాని మీద చాలాకాలం ఒక చిత్రం బలంగా ఉండేది. రెండు గెలాక్సీలు ఢీకొంటాయి, వాయువు నలిగి కేంద్రంలోకి పడుతుంది, కొద్దికాలం నక్షత్రాల పుట్టుక ఉధృతంగా సాగుతుంది. మన దగ్గర్లో దీనికి మంచి ఉదాహరణ ఆర్ప్ 220. సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు గెలాక్సీలు కలిసిపోతున్న చోటు అది. అక్కడ ఏటా వందకు పైగా సూర్యుళ్లంత నక్షత్రాలు పుడుతున్నాయి. వెయ్యి కోట్ల సంవత్సరాల క్రితం వందల సూర్యుళ్ల వేగంతో మెరిసిన గెలాక్సీలు కనిపించినప్పుడు, అవన్నీ ఇలాంటి గుద్దుకోళ్లే అయి ఉంటాయన్న ఊహ సహజంగానే వచ్చింది.

ఆ ఊహను వదులుకునేలా చేసింది గీత బిగువే. ఎక్కువ గెలాక్సీలు గుద్దుకోళ్ల వల్లే నక్షత్రాలను పుట్టిస్తుంటే, కొన్ని బాగా పైన, కొన్ని బాగా కింద, మధ్యలో ఖాళీగా కనిపించాలి. అలా కనిపించలేదు. రెడ్‌షిఫ్ట్ 2 సమీపంలో గీతకు బాగా పైన ఉన్న గెలాక్సీలు సంఖ్యలో సుమారు 2 శాతమే, మొత్తం నక్షత్రాల పుట్టుకలో వాటి వాటా సుమారు 10 శాతమే అని 2011లో హెర్షెల్ పరిశీలనల ఆధారంగా వెలువడిన పరిశోధన తేల్చింది. మిగతా 90 శాతం గీత మీద నింపాదిగా సాగే గెలాక్సీలది. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో వాటిలో వాయువు కదలికలను కొలిస్తే, చాలా వాటిలో చక్కగా తిరిగే పళ్లెం లాంటి నిర్మాణం కనిపించింది. ఈమధ్యే గుద్దుకున్న గెలాక్సీలో అంత పొందికైన భ్రమణం అరుదు.

అయితే ఏటా 100 సూర్యుళ్ల వేగాన్ని గుద్దుకోళ్లు లేకుండా నిలబెట్టేది ఏది? ఫ్రాన్స్ ఆల్ప్స్ పర్వతాల మీది రేడియో టెలిస్కోపులతో లిండా టాకోనీ బృందం 2010లో దీనికి సూటి జవాబిచ్చింది. రెడ్‌షిఫ్ట్ 1 నుంచి 2 మధ్య మామూలు గెలాక్సీల్లో, నక్షత్రాలూ చల్లని వాయువూ కలిపిన ద్రవ్యంలో వాయువు వాటా మూడోవంతు నుంచి దాదాపు సగం వరకు ఉంది. ఇప్పటి సర్పిల గెలాక్సీల్లో అది పదోవంతు అటూ ఇటూ. ముడిసరుకే అంత ఉన్నప్పుడు నక్షత్రాలు జోరుగా పుట్టడంలో వింత లేదు.

వింత ఇంకో చోట ఉంది. అంత వాయువును కూడా ఆ వేగంతో ఖర్చుపెడితే 50 కోట్ల నుంచి 100 కోట్ల సంవత్సరాల్లో అయిపోతుంది. గీత మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలిచింది. అంటే బయటి నుంచి కొత్త వాయువు వచ్చి చేరుతూ ఉండాలి. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో భారత శాస్త్రవేత్తలు 2020లో ప్రకటించిన ఫలితం కూడా ఇదే చెప్పింది. రెడ్‌షిఫ్ట్ 1 సమీపంలోని ఏడున్నర వేలకు పైగా గెలాక్సీల నుంచి వచ్చే అతి బలహీనమైన హైడ్రోజన్ సంకేతాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి సగటు పరమాణు హైడ్రోజన్ నిల్వను కొలిచారు. ఆ నిల్వ అప్పటి వేగానికి 100 నుంచి 200 కోట్ల సంవత్సరాలకు మించి సరిపోదని తేలింది. విశ్వమంతటా నక్షత్రాల పుట్టుక ఆ తర్వాత ఎందుకు తగ్గిందో చెప్పే బలమైన ఆధారాల్లో ఇదొకటి.

ఈ పరిశీలనలన్నిటినీ కలిపే నమూనా సులువుగానే అర్థమవుతుంది. పైనుంచి నీళ్లు పడుతూ, అడుగున కన్నం ఉన్న తొట్టి లాంటిది గెలాక్సీ. వాయువు వచ్చి పడుతుంది, కొంత నక్షత్రాలుగా మారుతుంది, కొంత సూపర్‌నోవాలకు, అంటే భారీ నక్షత్రాల పేలుళ్లకు, బయటికి ఎగిరిపోతుంది. తొట్టి నిండేకొద్దీ కన్నం గుండా పోయే నీరు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కొంతసేపటికి వచ్చేదీ పోయేదీ సమానమవుతాయి. అలాగే గెలాక్సీలో వాయువు ఎక్కువైతే నక్షత్రాల పుట్టుక ఊపందుకుంటుంది, ఆ ఊపే వాయువును ఖర్చుచేసి, ఊదేసి, మళ్లీ దాన్ని దారిలో పెడుతుంది. చెదురు రెండు రెట్లకు మించకపోవడానికి ఈ సర్దుబాటే కారణం. ఇక వాయువును లాగేది గెలాక్సీ చుట్టూ ఉన్న, కంటికి కనపడని కృష్ణ పదార్థపు గోళం. బరువైన గోళం ఎక్కువ వాయువును లాగుతుంది, ఎక్కువ నక్షత్రాలను పోగేసుకుంటుంది. బరువూ వేగమూ ఒకదానికొకటి కారణమైనట్టు కనిపిస్తాయి కానీ, రెండూ ఈ మూడోదాని నుంచి పుట్టినవే అనడం సబబు.

గీత కాలంతో ఎందుకు దిగిందో కూడా ఇక్కడే దొరుకుతుంది. తొలినాళ్లలో విశ్వం చిన్నది, సాంద్రమైనది. గోళాల్లోకి పదార్థం వేగంగా పడేది. వ్యాకోచం సాగేకొద్దీ ఆ ప్రవాహం పలచబడింది. విశ్వంలో నక్షత్రాల పుట్టుక బిగ్‌బ్యాంగ్ తర్వాత సుమారు 350 కోట్ల సంవత్సరాలకు శిఖరానికి చేరి, ఆ తర్వాత దాదాపు పదోవంతుకు పడిపోయింది.

## బరువు ఎక్కువైన చోట

గీత చివరిదాకా తిన్నగా పోదు. కొన్ని వేల కోట్ల సూర్యుళ్ల బరువు దాటాక వాలు తగ్గి వంగుతుంది. ఇప్పటి విశ్వంలో ఈ వంపు స్పష్టం, వెనక్కి వెళ్లేకొద్దీ అది పలచబడి గీత తిన్నదనానికి దగ్గరవుతుంది. అంతకుమించి, భారీ గెలాక్సీల్లో చాలా భాగం గీత మీద లేనే లేవు. కన్యారాశి గుంపు మధ్యలోని ఎం87 లాంటి దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో నక్షత్రాల ద్రవ్యరాశి అపారం, కొత్త పుట్టుకలు నామమాత్రం. వీటిని నిద్రాణ గెలాక్సీలు అనొచ్చు.

కారణాలుగా ఎక్కువగా చెప్పేవి రెండు. కృష్ణ పదార్థపు గోళం బరువు సుమారు లక్ష కోట్ల సూర్యుళ్లు దాటితే లోపలికి పడే వాయువు తాకిడికి లక్షల డిగ్రీలకు వేడెక్కి, చల్లబడి కిందికి దిగడం కష్టమవుతుంది. రెండోది కేంద్రంలోని బ్లాక్‌హోల్. అది వాయువును మింగేటప్పుడు విడుదలయ్యే శక్తి, చిమ్మే ప్రవాహాలు చుట్టూ ఉన్న వాయువును చల్లబడనీయవు. ఎం87 నుంచి దూసుకొచ్చే ప్రవాహం టెలిస్కోపుల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఈ రెండిట్లో ఏది ముందు, ఏది తర్వాత అన్న వాదన తెగలేదు. బహుశా మొదటిది వాకిలి మూస్తే, రెండోది అది మళ్లీ తెరుచుకోకుండా చూస్తుంది అనే అభిప్రాయానికి మద్దతు ఎక్కువ.

## గీతను తప్పుగా చదివే దారులు

అన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు, గీతను ఒక గెలాక్సీ నడిచిన దారి అనుకోవడం. ఒకే రోజు ఊరందరినీ నిలబెట్టి తీసిన ఫొటోలో పసిపిల్లలు, బడిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటారు. ఆ ఫొటోలో ఎత్తుల వరుసను చూసి ఫలానా మనిషి ఎలా పెరిగాడో చెప్పలేం. గీత కూడా ఒక కాలంలో ఉన్న వేర్వేరు గెలాక్సీల ఫొటో. ఇప్పటి పాలపుంతను రెడ్‌షిఫ్ట్ 2 నాటి సమాన బరువు గెలాక్సీతో పోల్చినప్పుడు, ఆ పాత గెలాక్సీ పాలపుంతకు పూర్వరూపం కాదు. పాలపుంత అప్పటికి ఇంకా చాలా తేలిక. ఆ పాత గెలాక్సీ ఈపాటికి నిద్రాణమైన భారీ గెలాక్సీగా మారి ఉండే అవకాశమే ఎక్కువ.

రెండోది ఎంపిక. టెలిస్కోపుకు అందే వెలుగుకు ఒక కనీస హద్దు ఉంటుంది. తేలికపాటి గెలాక్సీల్లో జోరుగా నక్షత్రాలు పుడుతున్నవే ఆ హద్దు దాటి కనిపిస్తాయి, నెమ్మదివి కనిపించవు. ఫలితంగా చిన్న గెలాక్సీలన్నీ చురుకైనవే అనిపిస్తాయి, గీత వాలు అసలుకన్నా తక్కువగా వస్తుంది. ఎరుపు రంగు గెలాక్సీలను ముందే పక్కన పెట్టి నీలివాటినే లెక్కిస్తే వంపు మాయమవుతుంది. వాలు 0.6 అని ఒకరు, దాదాపు 1 అని ఇంకొకరు చెప్పడంలో సగం తేడా ఇక్కడే ఉంది. ఏ గెలాక్సీలను 'నక్షత్రాలు పుడుతున్నవి'గా లెక్కలోకి తీసుకున్నారన్నది చదవకుండా వాలు అంకెను మాత్రమే పట్టుకుంటే ప్రయోజనం లేదు.

మూడోది మరింత సూక్ష్మం. బరువునూ వేగాన్నీ ఒకే కాంతి నుంచి, ఒకే నమూనాతో రాబడుతున్నారు. దూరం అంచనా తప్పితే రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. అంటే పొరపాటు కూడా చుక్కలను గీత దిశలోనే జరుపుతుంది, సంబంధం ఉన్నదానికన్నా బిగువుగా కనిపిస్తుంది. పైగా నక్షత్ర ద్రవ్యరాశి అంటే గడిచిన కాలమంతా నక్షత్రాలు పుట్టిన వేగాల మొత్తమే కదా, రెండిటికీ పొంతన ఉండటంలో గొప్పేముంది అని వాదించేవారూ ఉన్నారు. ఆ వాదనలో బలం ఉంది. ఎగుడుదిగుడుగా పెరిగిన వేల చరిత్రల సగటు తీసినా ఏదో ఒక గీత వస్తుంది. కానీ ఆ వాదనతో గీత ఎత్తు ప్రతి కాలంలో వాయువు నిల్వతో పాటే ఎందుకు మారుతోందో తేలదు. వాయువును విడిగా, రేడియో తరంగాల్లో కొలిచారు. నక్షత్రాల కాంతితో సంబంధం లేని ఈ కొలతే గీతకు అసలైన సాక్ష్యం.

## వెబ్ తెచ్చిన కొత్త చిక్కులు

2023లో వెబ్ తొలి చిత్రాల్లో ఆరు గెలాక్సీలు వార్తలకెక్కాయి. బిగ్‌బ్యాంగ్ తర్వాత 70 కోట్ల సంవత్సరాలు గడవకముందే వీటిలో కొన్ని ఏకంగా వేల కోట్ల సూర్యుళ్ల బరువుకు చేరాయన్నది అంచనా. అదే నిజమైతే అప్పటికి అందుబాటులో ఉన్న వాయువు దాదాపు అంతా నక్షత్రాలుగా మారిపోయి ఉండాలి. ఇప్పటి లెక్కల ప్రకారం అత్యంత సమర్థమైన గెలాక్సీలు కూడా తమ వాటా మామూలు పదార్థంలో అయిదోవంతుకు అటూ ఇటూ మాత్రమే నక్షత్రాలుగా మార్చుకోగలిగాయి. 'బిగ్‌బ్యాంగ్ సిద్ధాంతమే తప్పు' అన్న శీర్షికలు ఇక్కడి నుంచే పుట్టాయి.

వాటిలో ఒకదాని వర్ణపటాన్ని (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీని) తీశాక, అది అనుకున్నదానికన్నా దగ్గరిదని, లోపల చురుకైన బ్లాక్‌హోల్ ఉందని బయటపడింది. బ్లాక్‌హోల్ చుట్టూ వేడెక్కిన వాయువు వెలుగును నక్షత్రాల వెలుగుగా లెక్కిస్తే బరువు అమాంతం పెరిగిపోతుంది. ఇలాంటి ఎర్రని చిన్న చుక్కలు ఆ తర్వాత వందల్లో దొరికాయి. వాటి వెలుగులో నక్షత్రాలది ఎంత, బ్లాక్‌హోల్‌ది ఎంత అన్నది ఇప్పుడు ఈ రంగంలో జోరుగా సాగుతున్న చర్చ. ఫొటోల్లో రంగులను బట్టి వేసిన బరువును వర్ణపటం నిర్ధారించేవరకు తాత్కాలికంగానే తీసుకోవాలి.

అలాగని ఆశ్చర్యాలన్నీ కరిగిపోలేదు. బిగ్‌బ్యాంగ్ తర్వాత సుమారు 29 కోట్ల సంవత్సరాల నాటి జేడ్స్-జీఎస్-జెడ్14-0 గెలాక్సీ దూరాన్ని 2024లో వర్ణపటంతోనే నిర్ధారించారు. అది కొన్ని పదుల కోట్ల సూర్యుళ్ల బరువుంటుందని అంచనా. అంత తొందరగా అంత వెలుగు ఎలా వచ్చిందన్నదానికి రెండు మూడు జవాబులు పోటీలో ఉన్నాయి. అప్పట్లో వాయువు ఇప్పటికన్నా సమర్థంగా నక్షత్రాలుగా మారి ఉండొచ్చు. లేదా పుట్టుక విడతలు విడతలుగా ఎగసిపడుతూ, మనం చూసిన క్షణం ఒక ఎగువ విడతలో ఉండి ఉండొచ్చు. ఇంకా ధూళి తక్కువై కాంతికి అడ్డు లేకపోవచ్చు.

విడతల వాదనకు ఆధారాలు పెరుగుతున్నాయి. తొట్టి నమూనా సరిగ్గా పనిచేయాలంటే సర్దుబాటుకు సమయం కావాలి. చిన్న గెలాక్సీలో ఒక్క విడత సూపర్‌నోవాలు పేలినా వాయువంతా బయటికి ఎగిరిపోయి, మళ్లీ పడేదాకా పుట్టుక ఆగిపోతుంది. విశ్వం వయసు 70 కోట్ల సంవత్సరాలు ఉన్నప్పుడు ఇలా తాత్కాలికంగా ఆగినట్టున్న ఒక తేలికపాటి గెలాక్సీని వెబ్ పట్టుకుంది. అందుకే తొలి కాలపు చిన్న గెలాక్సీల్లో గీత చెదురు రెండు రెట్లను మించి ఉంటుందనే అంచనా బలపడుతోంది. హైడ్రోజన్ గీతకూ అతినీలలోహిత కాంతికీ మధ్య తేడాను వందలాది గెలాక్సీల్లో కొలిచి దీన్ని పరీక్షిస్తున్నారు.

అసలు కష్టం మాత్రం బరువైన వాటితోనే వచ్చింది. దాదాపు అదే కాలంలో, వెయ్యి కోట్ల సూర్యుళ్లకు పైగా బరువున్న ఒక గెలాక్సీ అప్పటికే నిద్రాణంగా ఉందని వెబ్ వర్ణపటం 2024లో చూపింది. ఇంత బరువున్న గెలాక్సీ నుంచి వాయువును సూపర్‌నోవాలు పూర్తిగా ఊదేయలేవు. వేడి గోళం వాకిలి మూసిందని చెప్పడానికీ అప్పటి గోళాలకు తగినంత వయసు లేదు. ఆ గెలాక్సీ 70 కోట్ల సంవత్సరాల లోపే మొదలై, గీత మీదుగా లేదా గీతకు పైగా ఎగబాకి, ఆగింది. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క తేలితే, కంప్యూటర్ నమూనాల్లో బ్లాక్‌హోల్ పాత్రను ఎంత ముందుకు జరపాలో తెలుస్తుంది. ఒక్కొక్కటీ పదుల గంటల పరిశీలన అడిగే ఈ వెతుకులాట వెబ్‌తో నడుస్తోంది. 2023 జులైలో వెళ్లిన యూక్లిడ్ టెలిస్కోపు, అంత లోతుకు చూడలేకపోయినా, ఆకాశంలో చాలా విశాలమైన భాగాన్ని జల్లెడ పట్టి ఇంకొంచెం తర్వాతి కాలపు అరుదైన భారీ గెలాక్సీలను వెతుకుతోంది.